"పారిపోయింది" అని మేమే రాశాం: కువైట్ నుంచి ఒక కేసు

గల్ఫ్ వలస కార్మికుల హెల్ప్ డెస్క్‌లో నేను చేరి పద్నాలుగేళ్లయింది. ఇది సగం గెలిచిన కేసు. ఆ సగంలోనూ కొంత అదృష్టం ఉంది. అయినా కొత్తగా వచ్చే వాలంటీర్లకు ముందు ఇదే చెబుతాను, ఎందుకంటే ఇందులో మేం చేసిన మొదటి తప్పు ఒక్క మాట. ఆమెను మంగ అందాం. ఊరు, కుటుంబం, ఇంకా కొన్ని గుర్తులు మార్చాను. చట్టాలు, ప్రభుత్వం ప్రకటించిన గడువులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

నేపథ్యం

గోదావరి జిల్లాల్లోనూ కడప వైపూ కువైట్ గురించి పక్క ఊరి గురించి మాట్లాడినట్టే మాట్లాడతారు. మంగ 2014లో వెళ్లింది. భర్త కౌలుకి తీసుకున్న రొయ్యల చెరువులో వరసగా రెండు పంటలు పోయాయి. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు మిగిలింది. ఊళ్లోని సబ్ ఏజెంటు ఖద్దామా వీసా, అంటే ఇంటిపని వీసా తెప్పించాడు. కువైట్ లెక్కలో అది 20వ నంబరు వీసా. కంపెనీల్లో, షాపుల్లో పనిచేసేవాళ్లది 18వ నంబరు. ఈ రెండు నంబర్ల మధ్య తేడా తెలియకుండా కువైట్ కేసు పట్టుకోకూడదని నా అభిప్రాయం. 18 వాళ్లకు కార్మిక చట్టం ఉంది. 20 వాళ్లకు చాలాకాలం ఇంటి గోడలే చట్టం.

2015లో కువైట్ ఇంటిపనివాళ్ల కోసం విడిగా 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో రోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు, పని ముగిశాక ఏడాదికో నెల జీతం చొప్పున అదనంగా ఇవ్వాలి. కాగితం మీద మంచి చట్టమే. మరుసటి ఏడాది కనీస జీతం 60 దినార్లని కూడా నిర్ణయించారు. మంగ జీతం 80.

అయితే ఆ చట్టాన్ని వాడుకోవాలంటే మనిషి ఇల్లు దాటి బయటికి రావాలి. చిక్కంతా అక్కడే. ఆకామా, అంటే అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి, సేటు పేరుతో, అంటే పనిలో పెట్టుకున్న యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది. పనిమనిషి ఇంట్లోంచి వెళ్లిపోయిందని సేటు ఒక్క రిపోర్టు ఇస్తే ఆకామా పోతుంది, పోలీసుల జాబితాలో ఆమె పేరు చేరుతుంది. జీతం రాలేదని ఫిర్యాదు చెయ్యడానికి గడప దాటినా లెక్క అదే. సేటుకి రిపోర్టు ఇవ్వడం తేలిక. పాస్‌పోర్టు చేతిలో లేని, అరబ్బీ చదవడం రాని మనిషికి ఫిర్యాదు పెట్టడం ఎంత పనో చెప్పక్కర్లేదు.

అలా బయటికొచ్చి, రూముల్లో ఉంటూ దొరికిన పని చేసుకునేవాళ్లను మనవాళ్లు కల్లివెల్లి అంటారు. వదిలెయ్, పోతే పోనీ అని అరబ్బీలో అనే మాట. మనుషులకు ఆ పేరు ఎలా అంటుకుందో గానీ సరిగ్గా అతికింది.

మా దగ్గరికి వచ్చిన సమస్య

2018 జనవరి మొదటి వారంలో మంగ చెల్లెలు వచ్చింది. "అక్క పారిపోయి వచ్చేసిందండీ, సేటు కేసు పెట్టాడంటండీ" అన్నది మొదటి వాక్యం. మంగ అప్పటికి రెండు నెలలుగా కువైట్‌లోని జలీబ్ అనే ప్రాంతంలో మనవాళ్ల రూములో ఉంటోంది. 14 నెలల జీతం రావాలి, అంటే 1,120 దినార్లు. అప్పటి మారకంలో దాదాపు 2 లక్షల 40 వేల రూపాయలు.

14 నెలలు జీతం లేకుండా ఎందుకు ఊరుకుందని మా కమిటీలోనే ఒకాయన అడిగారు. సబబైన ప్రశ్నే. జవాబు ఏమిటంటే, ఆమె ఊరుకోలేదు. "నీ డబ్బు నా దగ్గర దాస్తున్నా, ఇంటికి వెళ్లేటప్పుడు ఒకేసారి తీసుకుపో" అన్నాడు సేటు. నమ్మింది. అంతకుముందు రెండేళ్లు నెల తప్పకుండా ఇచ్చిన మనిషే మరి. ఇక్కడ ఇంట్లోవాళ్లకి అనుమానం రాకపోవడానికి ఇంకో కారణం ఉంది. డబ్బు ఆగింది 2016 అక్టోబరులో. నవంబరులో నోట్ల రద్దు వచ్చింది. బ్యాంకుల ముందు లైన్లు చూసి, అక్క పంపిన డబ్బు అందులో ఎక్కడో ఇరుక్కుందనుకున్నారు.

చెల్లెలు రెండు కోరింది. అక్క ఇంటికి రావాలి, డబ్బు కూడా రావాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డుపడతాయని ఆ రోజు నాకు పూర్తిగా తెలియలేదు.

మొదటి ప్రయత్నం, మొదటి తప్పు

ఆ వారమే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం. రాసింది నేనే. ఆమె కష్టాలన్నీ రెండు పేజీల్లో పెట్టాను. తెల్లవారుజామున ఐదింటికి లేవడం, మూడిళ్ల బట్టలు ఉతకడం, నడుం నొప్పి. జీతం సంగతి రెండో పేజీలో వచ్చింది. మొదటి పేరాలోనే, చెల్లెలు చెప్పిన మాటను ఇంగ్లీషులోకి మార్చి, ఆమె ఫలానా రాత్రి సేటు ఇంటి నుంచి అబ్‌స్కాండ్ అయింది అని రాశాను.

రెండు వారాల్లో జవాబు వచ్చింది. మన అధికారులు సేటుతో మాట్లాడారు. ఆమె చెప్పకుండా వెళ్లిపోయిందని ఆయన అప్పటికే రిపోర్టు ఇచ్చి ఉన్నాడు, మీ ఫిర్యాదులోనూ అదే ఉంది, కాబట్టి తిరిగి రావడానికి సాయం చేయగలం అన్నది సారాంశం. వాళ్లను తప్పు పట్టడానికి లేదు. నా ఉత్తరాన్ని నేనే మళ్లీ చదివితే, అది సేటు తరఫున రాసిన వాంగ్మూలంలా కనిపించింది.

మన భాషలో "పారిపోయింది" అంటే తప్పించుకుని బయటపడింది అని కూడా అర్థం వస్తుంది. అందులో జాలి ఉంది, ఒక్కోసారి మెచ్చుకోలూ ఉంటుంది. కానీ అక్కడి దస్త్రాల్లో ఆ మాట ఒక నేరం పేరు. చెల్లెలు జాలితో అన్నమాటను నేను నేరంగా అనువదించి, సంతకం పెట్టించి పంపాను. అప్పట్నుంచి మా దగ్గర ఆ మాట రాయడం నిషేధం. "జీతం ఇవ్వనందున పని ఆపి, ఫిర్యాదు చేయడానికి బయటికి వచ్చింది" అని రాస్తాం. ఇది మాటల గారడీ అని ఒక వకీలు మిత్రుడు అన్నాడు. కాదని నా వాదన. 14 నెలలు జీతం లేని మనిషి విషయంలో ఏది ముందు జరిగిందో ఆ వాక్యమే సరిగ్గా చెబుతుంది.

ఏజెంటుతో బేరం

ఈలోగా ఊళ్లో పెద్దమనుషులు సబ్ ఏజెంటును పిలిచి కూర్చోబెట్టారు. నేను వద్దనలేదు. కేసులో సగం పనులు ఊళ్లోనే తేలతాయి, ఆ దారి మూసుకోకూడదు. అతను టికెట్ డబ్బులు ఇస్తానన్నాడు, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే. చెల్లెలు ఒప్పుకునేలా ఉంది. నేను ఆపాను. టికెట్ ఉన్నంత మాత్రాన మనిషి విమానం ఎక్కలేదు, ఆకామా పోయిన మనిషికి ముందు బయటికి వెళ్లే అనుమతి కావాలి. అది లేకుండా ఎయిర్‌పోర్టుకి వెళ్తే పట్టుకుంటారు, వేలిముద్రలు తీసుకుని పంపిస్తారు, మళ్లీ ఆ దేశంలో అడుగు పెట్టనివ్వరు. అతనికి ఈ సంగతి తెలుసు. తెలిసే బేరం పెట్టాడు.

ఆ చర్చ వల్ల నాకు దక్కిందల్లా ఒకటే. కోపంలో అతని నోటి నుంచి సేటు ఫోన్ నంబరు, ఇంటి బ్లాకు, వీధి నంబర్లు బయటపడ్డాయి. అప్పటిదాకా మా దగ్గర అవి లేవు.

క్షమాభిక్ష వచ్చింది, మా పని ఇంకా కష్టమైంది

జనవరి చివర కువైట్ ప్రభుత్వం ఆమ్నెస్టీ ప్రకటించింది. 2018 జనవరి 29 నుంచి ఫిబ్రవరి 22 లోపు, ఆకామా లేనివాళ్లు జరిమానా కట్టకుండా వెళ్లిపోవచ్చు, కావాలంటే తర్వాత కొత్త వీసా మీద రావచ్చు. అప్పట్లో మామూలుగా అయితే రోజుకి 2 దినార్ల జరిమానా. మంగ రోజు కూలీ లెక్కేస్తే రెండున్నర దినార్ల పైన ఉంటుంది, అదీ ఇస్తే.

పేపర్లన్నీ శుభవార్త అని రాశాయి. మా ఫోన్లు మోగడం మొదలైంది. నాకు మాత్రం టెన్షన్ పట్టుకుంది. క్షమాభిక్షలో మాఫీ అయ్యేది ప్రభుత్వానికి రావాల్సిన జరిమానా. సేటు ఇవ్వాల్సిన జీతం ఎవరూ మాఫీ చెయ్యరు, ఇప్పించనూ ఇప్పించరు. మనిషి విమానం ఎక్కాక ఆ బాకీ గురించి అడిగే దిక్కు ఉండదు. ఇంతమంది ఒకేసారి వెళ్లిపోతే ఎంత జీతం అక్కడే ఉండిపోతుందో ఊహించండి. క్షమాభిక్ష అన్న మాట మీద నాకున్న చిరాకు అప్పటిది. బాకీ పడ్డది ఒకరు, క్షమాపణ పొందేది ఇంకొకరు.

మూడు దారులు కనిపించాయి. మొదటిది, వెంటనే అవుట్‌పాస్, అంటే పాస్‌పోర్టు చేతిలో లేనివాళ్లకు ఎంబసీ ఇచ్చే తాత్కాలిక ప్రయాణ పత్రం, తీసుకుని వచ్చెయ్యడం. రెండోది, క్షమాభిక్షను పక్కన పెట్టి జీతం కోసం కేసు నడపడం. గడువు దాటాక పట్టుబడితే డబ్బూ పోతుంది, మళ్లీ వెళ్లే దారీ పోతుంది. మూడోది, అవుట్‌పాస్ చేతిలో ఉంచుకుని, గడువు ముగిసేలోపు కువైట్‌లోని ఫిర్యాదు ఆఫీసులో జీతం ఫిర్యాదు ఎంత దూరం వెళ్తే అంత దూరం తీసుకెళ్లడం. మూడోదే మంచిదన్నాను. నా ఆలోచన ఏమిటంటే, మామూలు రోజుల్లో ఆఫీసు మెట్లెక్కితే మంగనే పట్టుకుంటారన్న భయం ఉంటుంది. క్షమాభిక్ష రోజుల్లో ఆ భయం తగ్గుతుంది. చేతిలో వెళ్లిపోయే కాగితం ఉన్న మనిషిని పట్టుకోవడం వల్ల ఎవరికీ లాభం లేదు. మనవాళ్లందరూ వెళ్లిపోవడానికి వాడుకుంటున్న ఆ మూడు వారాలనూ నిలబడి అడగడానికి వాడుకోవచ్చనిపించింది.

ఇది ఆమె ప్రాణం మీద నేనాడిన జూదం అని ఇప్పుడు అనిపిస్తుంది. ఫిబ్రవరి 20కి ఫిర్యాదు అంగుళం కూడా కదల్లేదు. ఆఫీసు పిలిచిన రెండుసార్లూ సేటు రాలేదు. ఆ రాత్రి మంగకి ఫోన్ చేసి, ఎల్లుండి వెళ్లిపో అని చెప్పాను. ఆమె సరేనంది. తర్వాత గడువు ఏప్రిల్ 22 దాకా పొడిగించారు. ఆ పొడిగింపు రాకపోతే ఈ కేసు ఇక్కడితో అయిపోయేది, నేను దీన్ని రాసేదాన్ని కూడా కాదు.

రుజువు ఫోన్లో ఉంది

ఫిర్యాదు కదలకపోవడానికి సేటు రాకపోవడం ఒక్కటే కారణం అనుకున్నాం. అసలు కారణం మా చేతిలో పస లేకపోవడం. తల్లి బ్యాంకు పాస్‌బుక్ ఉంది. 2016 సెప్టెంబరు దాకా నెలనెలా జమలు, తర్వాత ఏమీ లేదు. చూడగానే మాకు రుజువులా కనిపించింది. కానీ సేటు ఏమంటాడు? "నేనిచ్చాను, ఆమె ఇంకెవరికో పంపింది" అంటాడు. పంపకపోవడం రుజువైనంత మాత్రాన ఇవ్వకపోవడం రుజువు కాదు.

కువైట్‌లో మాకు సాయం చేసిన కడప డ్రైవరన్న ఒకాయన ఉన్నాడు. శుక్రవారం సెలవంతా ఇలాంటి పనులకే పెట్టేవాడు. మంగని ఎంబసీకి తీసుకెళ్లింది, ఫిర్యాదు ఆఫీసులో గంటలు గంటలు కూర్చున్నది ఆయనే. మార్చి మొదట్లో ఫోన్ చేసి, "మేడం, ఈయమ్మ ఫోన్లో వాళ్ల మామ గొంతు ఉంది, మీరు విన్నారా?" అన్నాడు. మామ అంటే అక్కడ ఇంటి యజమానురాలు, బాబా అంటే యజమాని. మంగ ఫోను అద్దం పగిలి సగం కనిపించేది కాదు. అందులో 2017 రంజాన్ ముందు మామ పంపిన వాయిస్ మెసేజ్ ఉంది. ఓపిక పట్టు, రంజాన్ అయ్యాక బాబా పాతవన్నీ కలిపి ఇస్తాడు అని.

రెండు నెలలుగా ఆ మెసేజ్ ఆమె చేతిలోనే ఉంది. మేం ప్రతిసారీ "కాగితాలేమైనా ఉన్నాయా?" అని అడిగాం. ఆమె ప్రతిసారీ లేవంది. ఫోన్లో ఏముందని ఒక్కరం కూడా అడగలేదు. కాగితం అన్న మాటకి ఆమె కాగితమనే అర్థం చేసుకుంది. తప్పు ఎవరిదో వేరే చెప్పాలా?

డ్రైవరన్న ఫిర్యాదు కొత్తగా రాయించాడు. అరబ్బీలో ఒక పేజీ. పనిలో చేరిన తేదీ, జీతం, ఆగిన నెల, మామ మెసేజ్, బయటికి వచ్చిన తేదీ, అంతే. నడుం నొప్పి లేదు, తెల్లవారుజాము లేదు. చదివితే మనసుకి ఏమీ అనిపించదు. అధికారికి కావాల్సింది అలాంటి కాగితమే.

మూడో పిలుపుకి సేటు వచ్చాడు. మెసేజ్ వినిపించారు. ఆయన్ని కదిలించింది అదొక్కటే అనుకోను. ఇంట్లోకి కొత్త ఖద్దామాని తెచ్చుకోవాలి, ఈ ఫిర్యాదు తేలకుండా ఉంటే వీసా ఇవ్వరేమోనని ఆయన భయం. డ్రైవరన్న ఆ సంగతి ఆయన డ్రైవరుతో చాయ్ తాగుతూ కనుక్కున్నాడు. ఈ పనిలో చాయ్‌కి ఉన్న విలువ ఏ శిక్షణా తరగతిలోనూ చెప్పరు.

500 దినార్లు ఇస్తానన్నాడు. 700 దగ్గర ఆగింది. మిగతా 420 వదులుకున్నట్టు సంతకం చెయ్యాలి. నేను వద్దన్నాను. మొత్తం రావాల్సిందేనని, మెసేజ్ ఉండగా కోర్టుకి వెళ్లవచ్చని ఫోన్లో వాదించాను. మంగ విని, "నాలుగు నెలలు ఇక్కడే ఉంటే నా 420ని అక్కడ వడ్డీ తినేస్తాదక్కా. ఏప్రిల్ దాటితే నన్ను పట్టుకుపోతారు. అప్పుడు మీరేం చేత్తారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. నిర్ణయం ఆమెది, లెక్క కూడా ఆమెదే సరైంది. ఏప్రిల్ రెండో వారంలో హైదరాబాద్‌లో దిగింది, తెల్ల అవుట్‌పాస్ కాగితంతో.

ఆమె వచ్చిన నెల తర్వాత ఫైలు సర్దుతూ ఇంకో తప్పు పట్టుకున్నాను. 68వ చట్టం ప్రకారం ఏడాదికో నెల జీతం అదనంగా రావాలి. మూడేళ్లకి 240 దినార్లు. మేం మొదటి ఉత్తరంలో అడగలేదు, రెండో దానిలోనూ అడగలేదు, బేరంలోనూ గుర్తు రాలేదు. అడిగి ఉంటే ఆ 700 ఇంకాస్త పెరిగేదేమో. మంగకి ఈ సంగతి చెప్పాను. "పోనీలెండక్కా" అంది. నాకు మాత్రం పోలేదు.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

మా దరఖాస్తు ఫారంలో మొదటి ప్రశ్న ఇప్పుడు "ఏం కష్టం వచ్చింది?" కాదు, "ఆఖరిసారి జీతం ఏ నెలలో ఇచ్చారు?" అన్నది. తర్వాత ఫోన్ చూపించమంటాం, మెసేజ్‌లు మా దగ్గర కాపీ చేసి పెడతాం. మనిషి ఇంకా సేటు ఇంట్లోనే ఉంటే, గడప దాటేముందే ఎంబసీకి, మాకు జీతం గురించి ఒక మెసేజ్ పంపించమంటాం. తేదీ పడుతుంది కదా. సేటు రిపోర్టు కన్నా ఒక్క రోజు ముందున్న తేదీ వంద కన్నీటి పేరాల కన్నా బలమైనది. మనిషి వచ్చేసినా బాకీ అడిగేందుకు వీలుగా అక్కడ నమ్మకమైన వారి పేరున పవర్ ఆఫ్ అటార్నీ రాయించడం కూడా అలవాటు చేసుకున్నాం.

ఇవన్నీ చట్టాన్ని తప్పించుకు తిరిగే ఉపాయాలే తప్ప చట్టాన్ని మార్చేవి కావు. మా కమిటీలో ఆ పెద్దాయన అన్న మాట ఇంకా చెవిలో ఉంది: "వాళ్ల దేశం, వాళ్ల చట్టం. ఆకామా లేకుండా ఉండటం తప్పే కదా?" ఆకామా తీసేసింది ఎవరు అన్నదే నా ప్రశ్న. ఉండటానికి అనుమతి ఇచ్చే అధికారం ప్రభుత్వానిది కావచ్చు. దాన్ని బాకీదారు చేతిలో పెట్టడం ఏం న్యాయం? మన ఊళ్లో ఆసామి కూలి ఎగ్గొట్టి, అడగడానికి వచ్చిన కూలీని పోలీసులకి పట్టిస్తే మనం ఒప్పుకుంటామా?

అందుకే రాష్ట్రానికి, కేంద్రానికి రాసే వినతిపత్రాల్లో మేం మూడే అడుగుతున్నాం. జీతం చెల్లించిన రుజువు చూపించకుండా సేటు ఇచ్చే పరారీ రిపోర్టు తీసుకోకూడదు. జీతం ఫిర్యాదు పెండింగ్‌లో ఉన్నన్నాళ్లు ఆకామా రద్దు కాకూడదు. క్షమాభిక్షలో వెళ్లినవాళ్ల బాకీ చెల్లకుండా పోకూడదు. 2021 జూన్‌లో ఇంటిపనివాళ్ల నియామకం మీద భారత్, కువైట్ మధ్య ఒప్పందం కుదిరింది. ఇలాంటి షరతులు పెట్టడానికి అలాంటి ఒప్పందాలే సరైన చోటు.

గల్ఫ్ అంతా ఒకేలా ఉందనుకోకండి. ఖతార్ 2018లో చాలామంది కార్మికులకు, 2020 జనవరిలో ఇంటిపనివాళ్లకు కూడా దేశం దాటేందుకు యజమాని అనుమతి అక్కర్లేదంది. సౌదీ 2021 మార్చిలో ఉద్యోగం మారడం కొంత సులువు చేసింది, కానీ ఇంటిపనివాళ్లను ఆ మార్పుల్లోంచి వదిలేసింది. కువైట్‌లో 1959 నాటి నివాస చట్టం స్థానంలో కొత్తది 2025 జనవరిలో అమల్లోకి వచ్చింది. అదే ఏడాది జులై 1 నుంచి 18వ నంబరు వాళ్లు దేశం దాటాలంటే యజమాని ఆమోదించిన పర్మిట్ తీసుకోవాలి. ఒక దేశం తీసేసిన గొళ్లెం పక్క దేశం కొత్తగా బిగించింది. ఇంటిపనివాళ్ల హక్కుల మీద 2011లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒప్పందాన్ని కువైట్ ఆమోదించలేదు. మనమూ ఆమోదించలేదు, అక్కడివాళ్లని నిలదీసేటప్పుడు ఈ సంగతి నాకు ఇబ్బందిగానే ఉంటుంది.

మంగ 2019 చివర్లో మళ్లీ మా ఆఫీసుకి వచ్చింది. సాయం కోసం కాదు, చెప్పి వెళ్లడానికి. అప్పులో ఇంకా సగం ఉంది, కూతురు ఇంటర్‌లో చేరింది. ప్రభుత్వ సంస్థ ద్వారా వెళ్లమని, ఎంబసీ ధ్రువీకరించిన కాంట్రాక్టు చూసుకోమని అన్నీ చెప్పాను. ఓపిగ్గా వింది. కొత్త సేటు ఫోన్ నంబరు, బ్లాకు, వీధి, ఇంటి నంబరు మా రిజిస్టరులో తనే దగ్గరుండి రాయించింది. నెల జీతం అందిన రోజే చెల్లెలికి మెసేజ్ పెడతానంది, ఫోన్ కూడా కొత్తది కొనుక్కుంది. ఏజెంటు ఎవరని అడిగితే మాత్రం, రిజిస్టరు మూసి నాకు అందించి, బస్సుకి టైమైందంటూ లేచింది.